కాలపు లెక్క

పోయిన ధనమును మరల గడింపవచ్చును. పోయిన గడియను గడించుట ఎవరి తరమును గాదు. అందుచేతనే మన పూర్వులు కాలమును మిక్కిలి జాగ్రత్తగా లెక్కించిరి. పగలును రేయియు గలిపి 60 గడియలుగా విభజించి, ఒక్కొక్క గడియకు 24 నిమిషములని నిర్ణయించిరి. అడుగున సన్నని రంధ్రము గల గిన్నెను నీటితొట్టిలో నుంచి, అది నిండి మునిగినంతనే ఒక గడియ గడచినదని గంట కొట్టుచుండిరి. కాని, గంట కొట్టువాడు కునుకు తీసినచో లెక్క తప్పును. లెక్క సరిగా నుండవలెనన్న పరికర మొక్కటియే చాలదు. దానిని కనిపెట్టియుండు మనుష్యుడును కావలెను. ఈ సత్యము నేటి యంత్రములకును వర్తించును.

రైళ్లు వచ్చిన పిదప గడియారముల విషయమున మఱియొక చిక్కు కలిగెను. సూర్యుని బట్టి చూచినచో ఊరి కొక కాల ముండును. ఊరికొక కాలమును పాటించినచో బండ్లు నడచు టెట్లు? అందుచేత 1906వ సంవత్సరము జనవరి 1వ తేదీన, 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి భారత ప్రామాణిక కాలము నేర్పఱచిరి. కలకత్తా, బొంబాయి నగరములు మాత్రము మఱికొన్ని దశాబ్దములు తమ స్థానిక కాలమునే పాటించినవి. ఈ ప్రామాణిక కాలము గ్రీనిచ్ కాలముకంటె 5½ గంటలు ముందుండును. తెనాలిలో సూర్యుని బట్టి లెక్కించిన సగటు కాలము దీనికి సుమారు 7 నిమిషములు వెనుకబడి యుండును. ఈ 5½ గంటల సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని కలదు.

తెనాలి పెద్ద రైలు కూడలి. విజయవాడనుండి గూడూరునకు పోవు ప్రధాన మార్గముపై నైరృతిగా సాగినచో బాపట్ల వచ్చును. ఆగ్నేయముగా శాఖామార్గమున పోయినచో రేపల్లె చేరుదుము. గుంటూరునుండి రేపల్లెకు పోవు మార్గమును 1916వ సంవత్సరమున మద్రాసు అండ్ సదరన్ మహరాట్టా రైల్వే కంపెనీవారు నిర్మించిరి. ఈ మూడు పట్టణములలో నేడు రైళ్లు మాత్రమే గాక మనుష్యుల పనులును గడియారము ననుసరించియే నడచుచున్నవి.

తెనాలిలో నొక గణక కార్యాలయము కలదనియు, బాపట్లలోను రేపల్లెలోను దానికి శాఖలు కలవనియు ఊహింతము. బియ్యపు మిల్లులకు, రొయ్యల వ్యాపారులకు, దుకాణదారులకు లెక్కలు వ్రాసిపెట్టుట అచ్చటి ఉద్యోగుల పని. ఎవరి పనికి ఎన్ని గంటలు పట్టినదో తెలిసినగాని ప్రతిఫలము నిర్ణయింప వీలులేదు. ఉద్యోగుల వేతనమును నిర్ణయింప వీలులేదు. పూర్వము ఈ వివరములను హాజరు పుస్తకమున వ్రాసెడివారు. నేడు ఫోనులోని యాప్ ఆ పని చేయుచున్నది. పని మొదలిడునపుడు ఒక మీటను, ముగించునపుడు మఱియొక మీటను నొక్కవలెను. పనిచేసిన దెవరు, ఎవరి కొఱకు, ఏ పని, ఎప్పటినుండి ఎప్పటివఱకు అను నాలుగు సంగతులు దూరమున నున్న సర్వరులో నమోదగును. 2006లో ఎస్టోనియా దేశమున పుట్టిన టాగుల్ అనునది ఇట్టి యాప్‌లలో నొకటి.

నెల తుదిని ఈ వేలకొలది నమోదులను వడపోసి లెక్క తీయుట శ్రమ. ఇచ్చటనే కృత్రిమమేధా సహాయకుడు ప్రవేశించును. 2022వ సంవత్సరము నవంబరున చాట్‌జీపీటీ వెలువడిన నాటనుండి, మనుష్యభాషలో అడిగిన ప్రశ్నకు మనుష్యభాషలో బదులు చెప్పు యంత్రములు లోకమంతట వ్యాపించినవి. "ఈ నెలలో మిల్లు లెక్కలకు మనము వెచ్చించిన గంట లెన్ని?" అని తెలుగున అడిగినను ఇవి గ్రహింపగలవు. కాని, తెనాలి కార్యాలయపు పుస్తకమును ఈ సహాయకుడు ఎన్నడును చూచియుండలేదు. చూడని దానినిగూర్చి అడిగినపుడు "తెలియదు" అనుటకు మాఱుగా, నమ్మదగినట్లు తోచు ఒక అంకెను కల్పించి చెప్పు ప్రమాదము కలదు. కావున మొదట సహాయకునికిని యాప్‌నకును సంబంధము కల్పింపవలెను.

ఆ సంబంధ మెట్లు ఏర్పడును? గుంటూరువద్ద మీటరు గేజి మార్గమును, బ్రాడ్ గేజి మార్గమును ఉన్న కాలమున ఒకదాని పెట్టెలు రెండవదానిపై నడువలేకుండెను. ప్రయాణికులు దిగి బండి మాఱవలసి వచ్చెడిది. పట్టాల వెడల్పు ఒక్కటియైనపుడు ఆ యిబ్బంది తొలగినది. యంత్రముల మధ్యను ఇట్టి సమానమైన కొలత యొకటి కావలెను. 2024వ సంవత్సరము నవంబరులో ఆంత్రోపిక్ అను అమెరికా సంస్థ "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్" అను ఒడంబడికను ప్రకటించినది. దాని ననుసరించి, యాప్ తాను చేయగల పనుల పట్టికను సహాయకునికి అందజేయును: నమోదులను చూపుట, మొత్తము తీయుట, క్రొత్త నమోదు వ్రాయుట మొదలగునవి. సహాయకుడు ప్రశ్నను గ్రహించి, పట్టికలో తగిన పనిని ఎన్నుకొని, తేదీలను తెలిపి యాప్‌ను కోరును. యాప్ ఇచ్చిన అంకెలను సులభమైన మాటలలో మనకు విన్నవించును. అంకెలు యాప్‌వి, మాటలు సహాయకునివి.

అయితే, అడిగిన ప్రతివానికిని యాప్ తన పుస్తకమును విప్పి చూపునా? చూపదు. అనుమతి చూపవలెను. ఆ అనుమతికి టోకెన్ అని పేరు. ఈ మాట రైళ్లవారికి చిరకాలమునుండి పరిచితము. ఒంటి మార్గముపై రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొనకుండ, డ్రైవరునకు ఒక లోహపు గోళమును ఇచ్చెడివారు. అది చేతికి రానిదే అతడు బండిని ముందునకు నడుపరాదు. అవతలి స్టేషనువారు సమ్మతించినగాని ఆ గోళము యంత్రమునుండి వెలువడదు; ఒకటి వెలువడియుండగా రెండవది రాదు.

యాప్ ఇచ్చు టోకెన్ గోళము కాదు; పొడవైన రహస్యాక్షరముల వరుస. గోళమునకు ప్రతి చేయుట యెంతో కష్టము. అక్షరములను చూచినవారెల్లరు వ్రాసికొనగలరు. కావున దానిని ఇతరులకు చూపరాదు, సంభాషణలో వ్రాయరాదు. అది ఇతరుల చేత చిక్కెనని అనుమానము కలిగినచో వెంటనే రద్దుచేసి క్రొత్తది తీసికొనవలెను. మఱియు, చదువుటకు మాత్రమే అనుమతి నిచ్చుట వేఱు, వ్రాయుటకు అనుమతి నిచ్చుట వేఱు. చదువుటతో పని తీఱునపుడు వ్రాయు అధికార మిచ్చుట అవివేకము.

ఎందుచేత అవివేకమో ఒక ఉదాహరణముచే తెలియగలదు. బాపట్ల శాఖలోని ఉద్యోగిని యొకతె ఉదయము 10 గంటలకు పని మొదలిడి, గడువు దగ్గఱపడుటచే రాత్రి 9 గంటలవఱకు పనిచేసి, అలసటతో మీట నొక్కుట మఱచి యింటికి వెడలినదనుకొందము. మఱునాడు ఉదయము 10 గంటలకు జ్ఞప్తికి వచ్చి నొక్కెను. యాప్‌లో 24 గంటలని నమోదైనది. వ్రాయు అధికారము గల సహాయకుడు దీనిని పొరపాటుగా గుర్తించి, "సాధారణముగా పనిదినము 8 గంటలు" అని తలచి, ఆ విధముగా దిద్దినాడు. చూచుటకు లెక్క చక్కబడినది. కాని ఆమె కష్టించిన 11 గంటలలో 3 గంటలు మాయమైనవి! తప్పును కనుగొనుట సహాయకుని పనియే. దిద్దుటకు ముందు ఆమెను అడుగవలసియుండెను.

రెండవ ఉదాహరణము మఱింత సూక్ష్మమైనది. రేపల్లె శాఖలోని ఉద్యోగి జూన్ 1వ తేదీ తెల్లవాఱుజామున 4 గంటలనుండి 5 గంటలవఱకు పనిచేసెను. సర్వరులు పెక్కు అంతర్జాతీయ కాలము ననుసరించి నమోదు చేయును. అది మన కాలమునకు 5½ గంటలు వెనుక. కావున సర్వరు లెక్కలో అతని పని మే 31వ తేదీ రాత్రి 10½ గంటలకు మొదలై 11½ గంటలకు ముగిసినది. సహాయకునికి భారత కాలమును అనుసరింపుమని చెప్పనిచో జూన్ లెక్కలో ఆ గంట కానరాదు. మే లెక్క అంతకుముందే ముగించియున్నచో అందును చేరదు. అబద్ధమాడినవారు లేరు, దొంగిలించినవారు లేరు. ఒక మనుష్యుని గంటసేపటి శ్రమ మాత్రము రెండు నెలల మధ్య జాఱిపోయినది.

కష్టజీవుల గంటలను లెక్కించుట స్వల్పవిషయము గాదు. 1919వ సంవత్సరమున అంతర్జాతీయ కార్మికసంస్థ తన మొదటి ఒడంబడికలోనే, పరిశ్రమలలో రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని నిర్ణయించినది. గంటల లెక్కయే లేనిచో అట్టి హద్దు నిలుచు టెట్లు? అదే లెక్క అన్యుల చేతిలో పడినచో, ఉద్యోగి ఎప్పుడు లేచుచున్నాడు, ఎప్పుడు అలసుచున్నాడు అను సొంత సంగతులను సైతము బయటపెట్టును. వ్యక్తుల సమాచార రక్షణకై 2023వ సంవత్సరమున మన పార్లమెంటు ప్రత్యేక చట్టము చేయుటకు ఇట్టి భయములే కారణము. కాబట్టి ఏ వివరములు సహాయకునికి అందుచున్నవో ఉద్యోగులకు ముందుగా తెలుపుట కార్యాలయమువారి ధర్మము.

యంత్రము వేయి నమోదులను క్షణములో కూడగలదు. బాపట్లలో ఆ రాత్రి దీపము ఎంతవఱకు వెలిగినదో అది యెఱుగదు. నెల తుదిని వచ్చిన లెక్కను సంబంధించిన వారికి చూపి, "ఇది సరియేనా?" అని అడిగి, వారి సమ్మతి పొందిన పిదపనే ముగింపవలెను. నీటిగిన్నె దినములలో గంటవద్ద మేలుకొని కూర్చున్న మనుష్యుడు నేడును అవసరమే.