ఒట్టి తునకలు

ఒట్టి తునకలు అనగా ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టి నిలువ చేసిన మాంసపు ముక్కలు. తెలంగాణలో తునక అంటే మాంసపు ముక్క అని అర్థం. ఎండు చేపలను వట్టి చేపలు అన్నట్లే ఎండిన మాంసానికి ఈ పేరు వచ్చింది. కోస్తా జిల్లాలలో దాదాపు ఇటువంటిదానినే ఉప్పుకండం అంటారు. హైదరాబాదు ఉర్దూలో సూఖా గోష్త్ అని పిలుస్తారు.

వికారాబాదు, తాండూరుల మధ్య రైలు మార్గంలో ఉన్న ధారూర్ వంటి మండల కేంద్రానికి వెళ్ళిన కొత్తవారు ఈ పదార్థం కోసం బోర్డులు చూస్తూ తిరిగితే సాధారణంగా దొరకదు. ఐరోపా నగరాలలో ఎండు మాంసానికి ప్రత్యేకమైన అంగళ్ళు ఉంటాయి. ఇక్కడ అది ఎక్కువగా ఇళ్ళలో తయారై ఇళ్ళలోనే ఖర్చయ్యే వస్తువు.

నేపథ్యం

ఇంట్లో ఫ్రిజ్ లేని కాలంలో ఒక పశువును కోస్తే వచ్చిన వాటాను ఒక పూటలో తినడం సాధ్యం కాదు. మిగిలిన దానిని ఎండబెట్టుకుంటే వానాకాలంలో పనులు, కూరగాయలు రెండూ కరువైనప్పుడు అక్కరకు వచ్చేది. పెళ్ళిళ్ళు, జాతరలు, బక్రీదు వంటి సందర్భాల తరువాత మిగిలిన మాంసాన్ని ఇలా దాచుకోవడం అనేక కులాలలో, ముస్లిం కుటుంబాలలో కూడా ఉన్నది.

అయితే ఈ వంటకాన్ని హోటళ్ళకూ దుకాణాలకూ దూరంగా ఉంచింది కేవలం అలవాటు కాదు. చనిపోయిన పశువును ఊరి నుండి తొలగించే పని దళితుల మీద మోపబడి ఉండేది. దాని మాంసమే వారికి దక్కేది. అందువలన ఎండు మాంసానికి, ముఖ్యంగా పెద్దకూరకు, కులపరమైన చిన్నచూపు అంటుకొన్నది. పొరుగున ఉన్న మరాఠ్వాడాలో ఇటువంటి మాంసాన్ని చాన్యా అంటారు. అక్కడి దళితుల వంటలపై శాహూ పాటోళే మరాఠీలో రాసిన 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' అనే పుస్తకం 2024లో ఆంగ్లంలో వెలువడిన తరువాత ఈ విషయం విస్తృతంగా చర్చకు వచ్చింది. మరాఠ్వాడా కూడా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

తయారీ

మాంసాన్ని కొవ్వు తీసి, పలుచగా పొడవైన పేలికలుగా కోస్తారు. ఉప్పు, పసుపు, కొందరు కారం కూడా పట్టించి, దారానికి గుచ్చి లేదా దండెం మీద వేసి ఎర్రటి ఎండలో కొన్ని రోజులు ఆరబెడతారు. రాత్రిపూట మంచు తగలకుండా లోపలికి తెస్తారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే జూన్ నుండి సెప్టెంబరు వరకు ఈ పనికి అనుకూలం కాదు.

పచ్చి మాంసంలో సుమారు 75 శాతం నీరే. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, ఎండ దానిని ఆవిరి చేస్తుంది. నీరు అందకపోతే సూక్ష్మజీవులు పెరగలేవు కాని అన్నీ చావవు. ఇంట్లో ఎండు మాంసం చేసేవారు ముందుగా మాంసాన్ని 71 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. మన పద్ధతిలో ఆ దశ లేదు. అందుచేత ఒట్టి తునకలను కొన్ని విదేశీ రకాల వలె అలాగే నమలరాదు. వేడినీటిలో నానబెట్టి, కడిగి, బాగా ఉడికించి లేదా వేయించి తినాలి. పుంటికూర, చింతచిగురు, దోసకాయ, సొరకాయలతో కలిపి వండుతారు. పులుపుతో వీటి రుచి ఇనుమడిస్తుంది.

వెదికే విధానం

కొత్త ఊరిలో మొదట అడగవలసింది మాంసం కొట్టేవారిని. అమ్మకానికి పెట్టకపోయినా, ఎండబెట్టే ఇల్లు ఏదో వారికి తెలిసి ఉంటుంది. వారపు అంగడిలో ఎండు చేపలు అమ్మేవారిని అడగడం రెండవ మార్గం. ధారూర్‌లో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతరకు దూర ప్రాంతాల నుండి కూడా జనం వస్తారు. అటువంటి సందర్భాలలో పరిచయాలు సులభం. ఏ మాంసమో అడగడానికి మొహమాటపడకూడదు. 1977 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలో ఆవులు, దూడల వధ నిషిద్ధం. పొట్లాలలో అమ్మే సరుకుపై ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల సంఖ్య ఉండాలి.

మంచి తునక అంతటా ఒకే ముదురు రంగులో ఉండి, వంచితే పీచులుగా చీలుతుంది. నడుమ మెత్తగా, తడిగా ఉంటే సరిగా ఎండలేదు. పైన కనిపించే తెలుపు ఉప్పు అయితే నీటిలో కరుగుతుంది. నూగులా ఉంటే అది బూజు, పారవేయవలసిందే. పాత నూనె వాసన వస్తే కొవ్వు చెడిపోయిందని అర్థం. ధర కూడా ఒక గుర్తు. కిలో పచ్చి మాంసం ఎండితే సుమారు మూడవ వంతు మాత్రమే మిగులుతుంది. కనుక పచ్చి మాంసం ధరకు రెండింతలకే ఇస్తామంటే తూకంలో నీరైనా ఉండాలి, మాంసం వేరేదైనా కావాలి.

విదేశాలలో

విదేశాలకు వెళ్ళే విద్యార్థులు సంచిలో ఇంటి తునకలు పెట్టుకోవడం మంచిది కాదు. భారతదేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉన్నందున అమెరికా ఇక్కడి మాంసాన్ని సాధారణంగా అనుమతించదు. తనిఖీలో చెప్పకుండా దాచితే జరిమానా పడుతుంది. ఐరోపా సమాఖ్య కూడా ఇతర దేశాల ప్రయాణీకులు తెచ్చే మాంసాన్ని, పాల పదార్థాలను నిషేధించింది.

అక్కడ వీటికి దగ్గరగా ఉండేవి జెర్కీ, బిల్టాంగ్. జెర్కీ అనే మాట దక్షిణ అమెరికాలోని కెచువా భాషా పదం 'చార్కీ' నుండి వచ్చింది. దక్షిణాఫ్రికా వారి బిల్టాంగ్‌లో ఉప్పుతో పాటు వెనిగరు, ధనియాలు వేస్తారు కాబట్టి తెలుగువారి నాలుకకు త్వరగా నచ్చుతుంది. ఈ రెండూ ఎక్కువగా గొడ్డుమాంసంతోనే చేస్తారు. ఇటలీ ప్రొషూటో, స్పెయిన్ హమోన్ పంది తొడతో చేసేవి. నియమాలున్నవారు కొనేముందు ఈ తేడా తెలుసుకోవాలి.