రాత్రి సరే, పొద్దున్నే వద్దు

ఇంగ్లండులో రీజెన్సీ కాలమంటే 1811 నుంచి 1820 దాకా. మూడో జార్జి రాజుకి మతి చలించడంతో కొడుకు రాజప్రతినిధిగా ఏలిన రోజులవి. ‘బ్రిడ్జర్టన్’ సిరీస్ చూసే మనవాళ్లకి ఆ గౌన్లు, గుర్రబ్బళ్లు, సంబంధాల వేట కొత్తేమీ కాదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి నోరు విప్పితే కథ ఎలా రక్తి కడుతుందో మన కోనసీమ మామిడికుదురు వాళ్లకి లండన్ వాళ్లు చెప్పక్కర్లేదు గానీ, అక్కడివీ మనవీ కొన్ని సంగతులు కలిపి చదువుకుంటే భలే సరదాగా ఉంటాయి.

ఆ కాలపు ప్రేమకథలన్నిటికీ పెద్దదిక్కు జేన్ ఆస్టెన్. 1802 డిసెంబరు 2న హారిస్ బిగ్-విథర్ అనే ఎస్టేటు వారసుడు ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అని అడిగితే సరేనంది. తెల్లారేసరికి మనసు మార్చుకుని, వద్దని మొహాన చెప్పేసి, అక్కతో కలిసి బండెక్కి వెళ్లిపోయింది. అబ్బాయికి 21 ఏళ్లు, ఆవిడకి 27 నిండబోతున్నాయి. మనవైపైతే ‘ఇంత మంచి సంబంధం మళ్లీ వస్తుందా’ అని ఊరంతా బుగ్గలు నొక్కుకునేది. ఆవిడ మరి పెళ్లే చేసుకోలేదు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కుల్ని 110 పౌన్లకి అమ్ముకుంది. 1813లో అచ్చయిన ఆ నవల మీద ఆవిడ పేరైనా లేదు.

ఆవిడ మేనత్త ఫిలడెల్ఫియా ఇంకా గట్టి మనిషి. అమ్మానాన్నా లేరు, కట్నం లేదు, నేర్చుకున్నది టోపీలు తయారుచేసే పని. 1752లో ఓడెక్కి, వరుణ్ని వెతుక్కుంటూ మన కోరమాండల్ తీరానికి వచ్చేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కడలూరు దగ్గర కంపెనీ వైద్యుడు హాంకాక్‌తో పెళ్లయింది. వాళ్లమ్మాయి ఎలైజా కలకత్తాలో పుట్టింది. మొదటి భర్త ఫ్రెంచి విప్లవంలో గిలటిన్‌కి బలైపోయాక, 1797లో జేన్ అన్నయ్య హెన్రీని చేసుకుంది. అంటే హెన్రీ చేసుకున్నది సాక్షాత్తూ మేనత్త కూతుర్ని. అచ్చమైన మేనరికం! కాకపోతే పిల్ల పిల్లాడికంటే పదేళ్లు పెద్ద. ఈ ఒక్క ముక్క మన పెద్దవాళ్లకి మింగుడుపడదు.

1753లోనే ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. 21 ఏళ్లలోపు వాళ్ల పెళ్లికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. స్కాట్లండులో అది చెల్లదు. ఇంకేం, ప్రేమించుకున్నవాళ్లు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకి పరిగెత్తేవారు. అక్కడ కమ్మరి కొలిమి దగ్గరే పెళ్లిళ్లు అయిపోయేవి. మనకీ ఒక గ్రెట్నా గ్రీన్ ఉండేదండోయ్! ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానామే. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలన్న శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి రాగానే, బ్రిటిష్ వారి పట్టు లేని ఫ్రెంచి యానాంకి పెళ్లివారు తరలిపోవడం మొదలైంది. అక్కడ జరిగిన బాల్యవివాహాలకి లెక్కలేక ఊరికి కల్యాణపురమన్న పేరే పడింది. గ్రెట్నాకి పిల్లలు పెద్దలకి చెప్పకుండా పారిపోయేవారు. యానాంకి పెద్దలే పిల్లల్ని చంకనేసుకుని పోయేవారు. ఇందులో నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఆస్టెన్ రాసిన ‘నార్తాంగర్ ఆబీ’లో హీరో హెన్రీ టిల్నీ కత్తీ తిప్పడు, గుర్రమూ దూకించడు. చెల్లెలికి మస్లిన్ గౌను గుడ్డ ఏ ధరకి బేరమాడి కొన్నాడో చెప్పి పెద్దావిడ మెప్పు కొట్టేస్తాడు. బండారులంక చీర చూడగానే ధర చెప్పగలిగే అల్లుడుంటే అత్తగారు కాదంటుందా?

ఇక ఆస్తి మాట. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో గొడవంతా దాని గురించే. అయిదుగురు ఆడపిల్లలున్నా ఇల్లూ పొలమూ మగ వారసుడనే పేరుతో దూరపు చుట్టం కాలిన్స్‌కి పోవాల్సిందే. అందుకే తల్లికి ఆ ఆదుర్దా. పైగా అప్పటి ఇంగ్లండులో పెళ్లయ్యాక భార్య నగా నట్రా చట్టప్రకారం భర్తదే. మన శాస్త్రాల్లో మాత్రం స్త్రీధనం స్త్రీదే. గోదావరి జిల్లాల్లో పసుపుకుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం ఇప్పటికీ ఉంది. కొబ్బరి దింపు డబ్బులు తన చేతికే వచ్చే కోడలి మాట తీరే వేరు, చూసినవాళ్లకి తెలుసు. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ములతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ అది రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. అయితే మన చట్టంలో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి పెళ్లి కానివాళ్లకే వాటా. ఆ వేసవిలో పెళ్లయిన అక్కకి లేని హక్కు, మరుసటి వేసవిలో పెళ్లయిన చెల్లెలికి దక్కింది! ముహూర్తాలు పెట్టిన పంతుళ్లకి పాపం ఇది ఏ పంచాంగంలోనూ కనపడలేదు.

దేవుడి పెళ్లిలోనూ ఆడపడుచు మాట చెల్లాల్సిందే. అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ రథం స్వామి సోదరి గుర్రాలక్క గుడి దగ్గర ఆగి, చీరాసారె ఇచ్చాకే కదులుతుంది. రాక్షసుడు రక్తవిలోచనుడి నెత్తురు నేల తాకకుండా పట్టి యుద్ధం గెలిపించింది ఆవిడే కదా, ఆయ్!

లంకల గన్నవరంలో అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) పెళ్లి కథ కూడా విస్తరి దగ్గరే మొదలైందంటారు. పండిత సభకి వెళ్తూ జోగన్నగారు మండపేటలో వాళ్లింట భోజనానికి ఆగారట. వడ్డించిన పిల్ల ఆదరం చూసి ఏరికోరి చేసుకున్నారట. తర్వాతెప్పుడో ఆవిడ అంతర్వేది యాత్రకి పల్లకీలో బయల్దేరితే, దారిలో ఆకలిగొన్న పెళ్లివారు ‘సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది’ అనుకోవడం చెవినపడి, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వచ్చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెలుగు తెర మీద ఈ తరహా సరదా ప్రేమకథంటే 1955 నాటి ‘మిస్సమ్మ’. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు పంతుళ్లు, అప్పాపురం జమీందారు (మన అప్పనపల్లి కాదు లెండి), అడుగడుగునా కస్సుమనే మేరీ. ఆ మేరీగా మొదట నటించింది భానుమతి. షూటింగుకి ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ చెప్పమని నిర్మాత చక్రపాణి పట్టుబట్టారు. ఆవిడ ససేమిరా అన్నారు. తీసిన రీళ్లు పక్కన పడేశారు, వేషం సావిత్రికి వెళ్లింది.