ఆవిర్లు ఒంటి వేడి కాదు: ముట్లుడిగే వయసు చుట్టూ అపోహలు, వాస్తవాలు

స్త్రీకి నెలసరి శాశ్వతంగా నిలిచిపోవడాన్ని తెలుగువారు తరతరాలుగా ముట్లుడగడం అన్నారు, ఆయుర్వేదం రజోనివృత్తి అన్నది, ఇప్పుడు ఊరూవాడా వినిపిస్తున్న మెనోపాజ్ అనే మాటను 1821లో ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ వాడుకలోకి తెచ్చాడు. పేరు కొత్తదే అయినా సంగతి పాతది. స్త్రీకి పన్నెండో ఏట మొదలైన రజస్సు యాభయ్యో ఏటికి క్షీణిస్తుందని సుశ్రుత సంహిత ఏనాడో లెక్క చెప్పింది. గర్భం వంటి మరో కారణమేదీ లేకుండా వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే, ఆ చివరి నెలసరినే మెనోపాజ్‌గా లెక్కిస్తారు గనుక, వచ్చిన ఏడాదికి గానీ వచ్చిందని తెలియని ఘట్టమిది. అంతకు ముందు కొన్నేళ్లపాటు నెలసరి తప్పుతూ, ముందుకూ వెనక్కూ జరుగుతూ సాగే కాలాన్ని పెరిమెనోపాజ్ అంటారు. బాధలు చాలావరకు అప్పుడే మొదలవుతాయి. పాశ్చాత్య దేశాల్లో మెనోపాజ్ సగటు వయసు 51 ఏళ్లు కాగా, భారతీయ స్త్రీలలో అది 46, 47 ఏళ్ల ప్రాంతంలోనే వస్తోంది.

హైదరాబాద్ తూర్పు అంచున నారపల్లి, ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ వయసు స్త్రీలలో పారిశ్రామికవాడ షెడ్లలో నిలబడి పనిచేసేవారు, బళ్లలో పాఠాలు చెప్పేవారు, ఇల్లు దాటనివారు, వరంగల్ రోడ్డు మీద రోజూ బస్సెక్కి నగరంలోకి వెళ్లేవారు ఉన్నా, తమ ఒంట్లో జరుగుతున్న దానికి వారు వినే కారణాలు మాత్రం రెండు మూడుకు మించవు: వేడి చేసింది, గర్భసంచి పాడైంది, వయసు మీద పడింది. ఈ కారణాలు ఒక్కొక్కటీ ఒక్కో తప్పు దారి చూపిస్తాయి.

అపోహ: ఒంట్లో వేడి పెరగడం వల్లే ఆవిర్లు వస్తాయి, చలువ చేసేవి తింటే పోతాయి

ఉప్పల్ వైపు వెళ్లే బస్సులో నిలబడిన యాభై ఏళ్ల స్త్రీకి ఉన్నట్టుండి ఛాతీ దగ్గర సెగ తగిలినట్టవుతుంది. ఆ సెగ మెడ మీదుగా ముఖానికి ఎగబాకి, చెవులు వేడెక్కి, పై పెదవి మీదా జుట్టు కుదుళ్లలోనూ చెమట పట్టి, గుండె దడదడలాడి, రెండు మూడు నిమిషాల్లో అంతా చల్లారిపోయాక, తడిసిన జాకెట్టు వీపుకు అంటుకుని సన్నగా చలి వేస్తుంది. అసలు కారణానికి ఆనవాలు చివర వచ్చే ఆ చలిలో ఉంది. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న కేంద్రం శరీర ఉష్ణోగ్రతకు కావలి కాస్తుంది. ఒంటి లోపలి వేడి సుమారు 0.4 డిగ్రీల సెల్సియస్ మేర అటూ ఇటూ అయినా అది మామూలుగా పట్టించుకోదు. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోయినప్పుడు ఆ వెసులుబాటు దాదాపు లేకుండా పోతుందని, ఆవిర్లు వచ్చే స్త్రీలపై అమెరికాలో రాబర్ట్ ఫ్రీడ్‌మన్ జరిపిన పరిశోధనలు చూపించాయి. ఈస్ట్రోజెన్ అదుపు తప్పాక హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు ఉబ్బిపోతాయని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు నవోమీ రాన్స్ అంతకు ముందే గుర్తించారు. అంటే ఒంట్లో వేడి పేరుకుపోవడం లేదు. ఉన్న కాస్త వేడినే మెదడు మితిమీరిందని భ్రమపడి రక్తాన్ని చర్మం వైపు తోసి, చెమట పట్టించి, అవసరమైన వేడిని కూడా వదిలించుకుంటోంది, అందుకే చివరికి చలి వేస్తుంది. ఆ నాడీకణాల సంకేతాన్నే అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికా అనుమతి లభించడం, కాలేయంపై దాని ప్రభావం గురించి తర్వాత గట్టి హెచ్చరిక చేర్చవలసి వచ్చినా, ఈ వివరణకు బలం చేకూర్చింది.

సబ్జా నీళ్లు, బార్లీ, మజ్జిగ తాగడం వల్ల నష్టమేమీ లేదు, ఎండాకాలంలో మేలే. నష్టమంతా ‘వేడి చేస్తాయి’ అని మానేసే వాటి వల్ల జరుగుతుంది, వాటిలో మొదటిది నువ్వులు. చివరి నెలసరి తర్వాతి తొలి ఏళ్లలోనే ఎముక వేగంగా అరిగిపోతుంది. ఉప్పల్‌కు కూతవేటు దూరంలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటే, అంతే బరువు నువ్వుల్లో వెయ్యికి పైగా ఉంటుంది. సకినాల పిండిలో, బతుకమ్మ సద్దుల్లో, అన్నంలో కలుపుకునే పొడిలో తరతరాలుగా ఉన్న నువ్వులను సరిగ్గా ఎముకకు కావలసిన వయసులో పళ్లెం నుంచి తీసేయడం విచిత్రమే.

మరి ఫలానా కషాయంతో తగ్గిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారా అంటే, కాదు. హార్మోన్ మందులపై 24 పరిశోధనలను కలిపి పరిశీలించిన 2004 నాటి కాక్రేన్ సమీక్షలో, మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగిన స్త్రీలలో కూడా ఆవిర్లు సగానికి పైగా తగ్గాయి. కాలం గడవడం, నమ్మకం, ఎవరో ఒకరు పట్టించుకోవడం, ఈ మూడూ కలిస్తే ఏ పొడికైనా పేరొస్తుంది. యోగా, వ్యాయామం ఎముకకూ గుండెకూ నిద్రకూ మంచివే గానీ, ఆవిర్లను తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో స్పష్టం చేసింది. బరువు తగ్గడానికి, ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్సకు మాత్రం ఆ ఆధారం ఉందన్నది. రాత్రి చెమటలన్నీ మెనోపాజ్‌వే అనుకోవడమూ ప్రమాదమే: బరువు తగ్గిపోతూ, సాయంత్రాలు జ్వరం కాస్తూ, దగ్గు వదలకపోతే క్షయ పరీక్ష, చేతులు వణుకుతూ గుండెదడ ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

అపోహ: పిల్లలు పుట్టాక గర్భసంచితో పనిలేదు, తీసేయిస్తే ఈ బాధలన్నీ పోతాయి

తెలుగు స్త్రీల ఆరోగ్యానికి ఇంతకన్నా ఎక్కువ చేటు చేసిన అపోహ మరొకటి కనిపించదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం ఉన్నారు. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. ఈ ఆపరేషన్లలో అధికభాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే, చేయించుకున్న వయసు ముప్పై అయిదుకు అటూ ఇటూ. హైదరాబాద్‌కు చెందిన వైద్యులు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి దంపతులు ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేకుండా జరుగుతున్న ఈ ఆపరేషన్ల గురించి అధ్యయనం చేసి మొదట గట్టిగా మాట్లాడినవారిలో ఉన్నారు. తెల్లబట్ట, నడుము నొప్పి, అధిక రక్తస్రావం వంటి మందుతో నయమయ్యేవాటికి కూడా ‘ఉంచితే కేన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటతో ఆపరేషన్ జరిగిపోవడం దశాబ్దాలుగా నడుస్తున్న కథ. అనవసరపు ఆపరేషన్ల నివారణకు కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఆవిర్లు గర్భసంచి నుంచి పుట్టవు. అండాశయాలు ఈస్ట్రోజెన్ తగ్గించడం వల్ల పుడతాయి. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే, కొన్నేళ్లపాటు మెల్లగా రావలసిన మెనోపాజ్ ఒక్కరోజులో వచ్చిపడుతుంది, ఆవిర్లు మరింత తీవ్రంగా ఉంటాయి, ఎముకకూ గుండెకూ ముప్పు ముందుగానే మొదలవుతుంది. అండాశయాలను ఉంచినా మెనోపాజ్ కొన్నేళ్లు ముందే రావచ్చు. పైగా నెలసరే లేదు గనుక అది వచ్చిన సంగతి తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లకే నిద్ర పట్టక, చిరాకు పడుతూ, కీళ్లు పట్టేసినట్టుండే మనిషిని ఇంట్లోవాళ్లు ‘ఊరికే సాధిస్తోంది’ అనుకోవడానికి అదీ ఒక కారణం.

అపోహ: హార్మోన్ మాత్రలు వాడితే కేన్సర్ ఖాయం

తగ్గిన ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇచ్చే చికిత్స మీది ఈ భయానికి పుట్టిన తేదీ ఉంది. 2002 జులైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ పరిశోధనలో 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న ఒక భాగాన్ని అర్ధంతరంగా ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందికి అదనంగా 8 రొమ్ము కేన్సర్లు కనిపించాయి. పత్రికల్లో పతాక శీర్షికలకు ఎక్కనిది ఏమిటంటే, అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆవిర్లతో వైద్యుని దగ్గరకు వచ్చే వయసు అది కాదు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో పక్షవాతం ముప్పు కొంత పెరిగింది గానీ, రొమ్ము కేన్సర్ పెరగలేదని 2004లో తేలింది. 60 ఏళ్లలోపు, లేదా చివరి నెలసరి తర్వాత పదేళ్లలోపు, బాధ తీవ్రంగా ఉన్న ఆరోగ్యవంతులకు నష్టం కన్నా మేలే ఎక్కువన్నది నేటి వైద్య సంఘాల అభిప్రాయం. రొమ్ము కేన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టే జబ్బు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారికీ, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికీ ఇవి పనికిరావు. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపలి పొరకు కేన్సర్ ముప్పు పెరుగుతుంది గనుక దానికి ప్రొజెస్టరాన్ రకం హార్మోన్ తోడుండాలి. మందుల దుకాణంలో పక్కింటి చీటీ చూపించి కొనుక్కునే మాత్రలు కావివి. హార్మోన్లు వాడరానివారికి తక్కువ మోతాదు పారాక్సెటిన్, గాబాపెంటిన్ వంటివి ఉన్నాయి, అయితే రొమ్ము కేన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారికి పారాక్సెటిన్ ఇవ్వరాదు.

అపోహ: ఓ ఏడాది ఓర్చుకుంటే అవే సర్దుకుంటాయి

కొందరికి సర్దుకుంటాయి. అమెరికాలో వివిధ జాతుల స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనం 2015లో వెల్లడించిన ప్రకారం, తరచూ ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి 7.4 ఏళ్లకు పైగా కొనసాగాయి. ఏడేళ్ల నిద్రలేమిని ఓర్పు అనడం సబబు కాదు. ఓర్చుకోకూడనిది ఇంకొకటి ఉంది: నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క మరక కనిపించినా, ‘వేడికి వచ్చిందిలే’ అనుకోకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి, అది గర్భాశయ కేన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు.

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో స్త్రీలకు ప్రత్యేకంగా ఇచ్చే సేవల్లో మెనోపాజ్‌ను పేరు పెట్టి చేర్చింది. బీమా ఉన్న కార్మికులకు నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఇప్పటికే గర్భసంచి తీయించుకున్న స్త్రీలలో తమ అండాశయాలు ఉన్నాయో తీసేశారో తెలియనివారు చాలామంది. ఏ మందు, ఎంతకాలం అన్నది ఆ సంగతి మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ చేయించుకున్నవారు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని వెతికి తీసి, దాన్ని వెంటబెట్టుకునే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. చేయించుకోబోయేవారు అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా అన్న ప్రశ్న సంతకం పెట్టే ముందే అడగాలి.