అసలు పోదు, వడ్డీ రాదు: ప్రీమియం బాండ్ల లెక్క

బ్రిటన్ ప్రభుత్వం అమ్మే ప్రీమియం బాండ్లకు వడ్డీ ఉండదు. ఒక్కో బాండు ధర ఒక పౌండు. ఎన్ని పౌండ్లు పెడితే అన్ని బాండ్లు, ప్రతి బాండుకూ ఒక నంబరు. నెలనెలా తీసే డ్రాలో ఆ నంబరు తగిలితే 25 పౌండ్ల నుంచి 10 లక్షల పౌండ్ల దాకా బహుమతి వస్తుంది. తగలకపోతే ఏమీ రాదు. అసలు మాత్రం ఎక్కడికీ పోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. లాటరీలో నంబరు తగలకపోతే టికెట్టు డబ్బు పోయినట్టే. ఇక్కడ పందెంలో ఉండేది అసలు కాదు, దాని మీద రావలసిన వడ్డీ.

ఈ పథకాన్ని 1956 ఏప్రిల్‌లో బడ్జెట్ ప్రవేశపెడుతూ ఆర్థికమంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ప్రకటించారు. యుద్ధానంతర బ్రిటన్‌లో ధరలు పెరుగుతున్న రోజులవి. జనం చేతిలోని డబ్బును ఖర్చు నుంచి పొదుపు వైపు మళ్లించడం, వడ్డీ ఆశ అంతగా కదిలించని వారిని కూడా ఖజానా దాకా రప్పించడం దీని ఉద్దేశం. ప్రతిపక్ష లేబర్ పార్టీకి చెందిన హెరాల్డ్ విల్సన్ దీన్ని నీచమైన లాటరీగా ఈసడించారు. అయినా అదే ఏడాది నవంబరు 1న అమ్మకాలు మొదలయ్యాయి, 1957 జూన్ 1న తొలి డ్రా తీశారు. అప్పటి అతిపెద్ద బహుమతి వెయ్యి పౌండ్లు. నంబర్లు తీసే యంత్రం పేరు ఎర్నీ. యుద్ధకాలంలో జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించడానికి కొలోసస్ కంప్యూటర్‌ను నిర్మించిన పోస్టాఫీసు పరిశోధన కేంద్రమే దీన్నీ తయారుచేసింది. నియాన్ గొట్టాల్లో పుట్టే విద్యుత్ గందరగోళం నుంచి అది అంకెలను పుట్టించేది. 2019 నుంచి పనిచేస్తున్న ఐదో తరం ఎర్నీ క్వాంటమ్ పద్ధతిలో కాంతి ఆధారంగా నంబర్లు తీస్తుంది. ఫలితాల్లో పక్షపాతం ఏమీ లేదని ప్రభుత్వ యాక్చువరీ విభాగం ప్రతి నెలా పరీక్షించి ధ్రువీకరిస్తుంది.

బహుమతుల సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే బాండు విలువ తేలిగ్గా అర్థమవుతుంది. పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ సేవింగ్స్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్స్ ఏడాదికి ఇంత శాతమని ఒక రేటు ప్రకటిస్తుంది. అమ్ముడైన బాండ్లన్నిటి మీదా ఆ రేటున ఎంత వడ్డీ అవుతుందో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని బహుమతులుగా పంచుతుంది. అంటే అందరికీ కొద్దికొద్దిగా రావలసిన వడ్డీని ఒకచోట పోగుచేసి కొందరికే ఇవ్వడం. 2025 ఆగస్టు డ్రాలో ఈ రేటు 3.60 శాతం. ఒక్కో బాండుకు ఆ నెలలో ఏదో ఒక బహుమతి తగిలే అవకాశం అప్పుడు 22 వేలలో ఒకటి. బ్యాంకు రేట్లు బాగా పడిపోయిన 2020 డిసెంబరులో రేటు ఒక శాతానికి, అవకాశం 34,500లో ఒకటికి తగ్గాయి. బహుమతి రేటు ఎప్పటికీ ఒకేలా ఉంటుందన్న హామీ బాండుదారుడికి లేదు.

ప్రకటనల్లో కనిపించే ఈ రేటు అందరి మీదా తీసిన సగటు. ఒక మనిషికి వచ్చేది వేరు. 3.60 శాతం రేటున వెయ్యి పౌండ్లు ఏడాదిపాటు ఉంచితే సగటు ప్రకారం 36 పౌండ్లు రావాలి. కానీ 36 పౌండ్ల బహుమతి అసలు లేదు. 22 వేలలో ఒకటి అవకాశంతో లెక్క వేస్తే, అలాంటి మదుపరులు వంద మందిలో దాదాపు 58 మందికి ఏడాది పొడవునా ఒక్క బహుమతి కూడా రాదు. వంద పౌండ్లే ఉంచినవారిలో నూటికి సుమారు 95 మంది ఖాళీ చేతులతోనే ఉంటారు. గరిష్ఠ పరిమితి అయిన 50 వేల పౌండ్లు పెట్టినవారి సంగతి వేరు. అదే అవకాశంతో వారికి ఏడాదికి సగటున 27 బహుమతులు తగులుతాయి, రాబడి ప్రకటించిన రేటుకు దగ్గరగా వస్తుంది. అప్పుడు కూడా సాధారణంగా కొంత తక్కువే ఉంటుంది, ఎందుకంటే నిధిలో ఒక భాగం ఎంతో కొద్దిమందికే చేరే పెద్ద బహుమతులకు పోతుంది.

జనాన్ని ఆకర్షించేది ప్రతి నెలా ఇద్దరికి దక్కే పది లక్షల పౌండ్ల బహుమతి. మొత్తం బాండ్లు 13,000 కోట్లకు పైనే ఉన్నాయి. వెయ్యి పౌండ్లు పెట్టినవారికి ఏడాదిలో ఆ బహుమతి తగిలే అవకాశం సుమారు 54 లక్షల్లో ఒకటి. 50 వేలు పెట్టినవారికి కూడా లక్షలో ఒకటికి మించదు. అసాధ్యమని చెప్పలేం: 2004లో లండన్‌లోని న్యూహామ్‌లో 17 పౌండ్ల బాండ్లు మాత్రమే ఉన్న ఒకరికి ఈ బహుమతి వచ్చింది. కానీ అలాంటి ఘటన వార్త అయ్యేది అరుదు కాబట్టే. పాత నంబర్లు గెలవవన్న నమ్మకానికీ ఆధారం లేదు. పాత బాండైనా కొత్త బాండైనా ప్రతి నంబరుకూ ఒకే అవకాశం. కొత్తవి లెక్కకు ఎక్కువ కాబట్టి విజేతల్లోనూ అవే ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ బాండ్లకు ఉన్న అసలు బలం పన్ను. బహుమతుల మీద బ్రిటన్‌లో ఆదాయపు పన్ను లేదు. మామూలు పొదుపు వడ్డీలో 20 శాతం పన్ను పరిధిలోని వారికి ఏడాదికి వెయ్యి పౌండ్లు, 40 శాతం వారికి 500 పౌండ్ల దాకా మినహాయింపు ఉంటుంది. 45 శాతం కట్టేవారికి ఏమీ ఉండదు. ఐసా ఖాతాలో ఏడాదికి 20 వేల పౌండ్ల దాకా పన్ను లేకుండా దాచుకోవచ్చు. ఈ రెండు వెసులుబాట్లలో ఇమిడిపోయే చిన్న మదుపరికి బాండు వల్ల పన్నులో కలిసివచ్చేది ఏమీ లేదు. అవి నిండిపోయిన 40 శాతం పన్ను చెల్లింపుదారు మాత్రం 3.60 శాతం నికరంగా మిగలాలంటే బ్యాంకులో ఆరు శాతం వడ్డీ సంపాదించాలి. బాండు నిజంగా లాభించేది ఇలా ఎక్కువ పన్ను కట్టేవారికే.

భద్రతలోనూ లోటు లేదు. పెట్టిన సొమ్మంతటికీ ఖజానా హామీ ఉంటుంది. అయితే బ్యాంకు డిపాజిట్లకు కూడా ఒక పరిమితి దాకా రక్షణ ఉంది కాబట్టి చిన్న మొత్తాలకు ఇది పెద్ద తేడా కాదు. అసలు పోదన్న మాటకూ ఒక మెలిక ఉంది. అంకె తగ్గకపోయినా దాని కొనుగోలు శక్తి తగ్గుతుంది. 2022 అక్టోబరులో బ్రిటన్‌లో ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది, అప్పుడు బహుమతి రేటు 2.2 శాతం. బహుమతి తగలనివారి డబ్బు ఆ ఏడాది నిలువునా కరిగింది.

కొనే రోజు కూడా లెక్కలోకి వస్తుంది. కొన్న తరువాత ఒక పూర్తి క్యాలెండరు నెల గడిస్తేనే బాండు డ్రాకు అర్హమవుతుంది. మార్చి 1న కొన్నా 31న కొన్నా తొలి అవకాశం మే నెలలోనే. నెలాఖరు దాకా ఆ డబ్బును వడ్డీ వచ్చే ఖాతాలో ఉంచడం మేలు.

ఇలాంటి పథకాలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. ఐర్లండ్ 1957లో మొదలుపెట్టింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ప్రైజ్ బాండ్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. పేరు నమోదు కాని బాండ్లు నల్లధనానికి దారి అవుతున్నాయన్న ఆందోళనతో పాకిస్తాన్ 2019లో 40 వేల రూపాయల బాండును ఆ రూపంలో ఆపేసింది. భారత ప్రభుత్వం కూడా 1960ల తొలినాళ్లలో వడ్డీ లేని ప్రైజ్ బాండ్లు అమ్మింది, కానీ అవి ఇక్కడ నిలదొక్కుకోలేదు. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒక విషయం గమనించాలి. పన్ను మినహాయింపు ఆ దేశపు చట్టం ఇచ్చినది. స్వదేశానికి తిరిగివచ్చి ఇక్కడి పన్ను నివాసులైతే అది దానంతట అదే వెంట రాదు.

మొత్తం మీద ఈ బాండ్లు మోసమూ కావు, సంపదకు దగ్గరి దారీ కావు. పన్ను వెసులుబాట్లన్నీ వాడుకున్నాక ఇంకా పెద్ద మొత్తం చేతిలో ఉండి, దాన్ని పూర్తి భద్రతతో, అవసరమైతే కొద్దిరోజుల్లో చేతికొచ్చేలా ఉంచుకోవాలనుకునేవారికి ఇవి తగినవి. నెలనెలా రాబడి మీద ఆధారపడే పింఛనుదారులకు, వందల్లో వేలల్లో కూడబెట్టుకునేవారికి మంచి వడ్డీ ఇచ్చే ఖాతానే మెరుగు. చేతిలో డబ్బు నిలవక లాటరీ టికెట్లకు ఖర్చుపెట్టేవారికి మాత్రం, అదే సొమ్ముతో బాండ్లు కొంటే కనీసం అసలైనా మిగులుతుంది.