ఎద సూది వేయించే ముందు చూడి చూశారా?

విస్సన్నపేటలో మా పెదనాన్న వాళ్ల గేదె ఎదకు రావట్లేదని ఒకాయన వచ్చి సూది వేసి వెళ్లాడు. నాలుగు రోజులకి ఈసుకుపోయింది. అప్పటికే అది రెండు నెలల చూడి. ఎవరూ చూడలేదు. నేను కోడ్ రాసుకునేవాణ్నే గానీ, ఆ సీసా మీద పేరు వెతక్కుండా ఉండలేకపోయా.

అది ప్రోస్టాగ్లాండిన్ మందు. ఒంట్లో కణాల పొరల్లోని కొవ్వు నుంచే పుట్టే సిగ్నల్ ఇది. 1930ల్లో స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ వాన్ ఆయిలర్ దీన్ని వీర్యంలో గుర్తించి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుందనుకుని ఆ పేరు పెట్టాడు. నిజానికి ఎక్కువగా వచ్చేది వీర్యకోశాల నుంచి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, మా పాత వేరియబుల్ పేర్లలాగే!

ఈనే టైమ్‌కి గర్భసంచిలో దీని ఎఫ్2 ఆల్ఫా రకం పెరుగుతుంది. కండర కణాల్లో కాల్షియం పెరిగి, సంచి బిగుసుకుని దూడను బయటికి నెడుతుంది. దీనికి ఇంకో పని కూడా ఉంది. అండాశయం మీదుండే కార్పస్ లూటియంని కరిగించేస్తుంది. చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ వచ్చేది అక్కడి నుంచే. వట్టి గేదెకైతే అది కరిగాక మూడు నాలుగు రోజుల్లో ఎద వస్తుంది, డాక్టర్లు వాడేది అందుకే. చూడి గేదెకైతే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

గేదెల్లో మూగ ఎద మామూలే. అరవలేదు కాబట్టి కట్టలేదనుకోవద్దు. ముందు చూడి పరీక్ష చేయించండి.

ఇంకోటి, ఈ మందు చర్మంలోంచి ఇంకుతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. ఆ రోజు సీసా తీసి పారేసింది మా వదిన. ఐదో నెల. అదృష్టం, ఏమీ కాలేదు.