పంటి మీద మారేడు దళం

పిల్లలూ! ఎవరైనా మీ చేతిలో పిడికెడంత పన్ను ఒకటి పెట్టి, ఇది ఏ జంతువుదో చెప్పుకోమన్నారనుకోండి. ఏం చేస్తారు? ముందు దాన్ని తిప్పి, నమిలే వైపు చూడండి. అరిగిన చోట నెలవంకలుంటే అది ఆవు జాతిది కావచ్చు. అడ్డంగా గట్లుంటే ఏనుగుది. అలాకాక, నాలుగు మారేడు దళాలు అద్దినట్టు మూడేసి రేకుల గుర్తులు కనబడితే మాత్రం సందేహం లేదు, అది నీటిగుర్రం దవడపన్ను.

"నీటిగుర్రాలు ఆఫ్రికాలో గదా ఉండేవి!" అంటారు మీరు. ఇప్పుడు అంతే. కాని ఒకప్పుడు మన దేశపు నదులలోనూ అవి మునిగి తేలుతూ ఉండేవి. హిమాలయాల పాదాల దగ్గర ఉన్న శివాలిక్ కొండలలో ఫాల్కనర్, కాట్లీ అనే ఇద్దరు వాటి శిలాజాలను పోగుచేశారు. ఫాల్కనర్ వైద్యుడు. కాట్లీ కాలువలు తవ్వించే ఇంజనీరు. తరువాత గంగా కాలువ తవ్వించినది ఆయనే. వాళ్లు 1836లో ఈ జంతువుకు హెక్సాప్రోటోడాన్ అని పేరు పెట్టారు. నోరు తిరగని పేరే గాని, అర్థం సులువు: గ్రీకు భాషలో "ఆరు ముందుపళ్లది" అని. ఈ జాతి ఎముకలు నర్మదా లోయలో కూడా దొరికాయి.

అటువంటి పన్ను దొరకటం అరుదు. చూడగోరేవాళ్లు ఎందరో. అందుచేత దానికి నకలు తీస్తారు. పంటి చుట్టూ రబ్బరు వంటి పదార్థం పోసి, గట్టిపడ్డాక విప్పి, ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు. మన ఇళ్లలో అచ్చు బొమ్మలు చేసినట్టే! పైన రంగు వేస్తే అసలేదో నకలేదో చూపుకు తెలియదు. ఇప్పుడు పంటిని ముట్టుకోకుండానే కాంతితో కొలతలు తీసి కంప్యూటరుకు ఇవ్వవచ్చు. త్రీడీ ప్రింటరు పొర మీద పొర పేర్చి పన్ను తయారుచేస్తుంది. హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర, రాయదుర్గంలో 2023లో ప్రారంభించిన టీ-వర్క్స్ అనే పెద్ద పనిశాలలో అటువంటి ప్రింటర్లున్నాయి.

మరి నకలుంటే అసలుతో పనేమిటి? పని ఉంది. పంటి ఆకారం, అరుగుదల, కొలతలు నకలు కూడా చెబుతుంది. వయస్సు మాత్రం చెప్పలేదు. దాన్ని ఎంత గీకినా సుద్దే రాలుతుంది. రేడియోకార్బన్ పద్ధతిలో వయస్సు కట్టాలంటే అసలు పంటి నుంచే కొంత తీసి ఖర్చు చెయ్యాలి. తీసినది తిరిగిరాదు. అందుకే కోతకు ముందే నకలు తీసి ఉంచటం మంచిది.

ఆ నష్టానికి ఫలితం చిన్నది కాదు. మన దేశంలో దొరికిన ఒక దవడపంటికి ఇలా వయస్సు కడితే సుమారు 16,000 సంవత్సరాలని తేలింది. ఈ సంగతి 2019లో ప్రచురించారు. అంటే ఇక్కడి మనుషులు నీటిగుర్రాలను కళ్లారా చూసి ఉంటారన్నమాట! తరువాత వానలు తగ్గి, మడుగులు ఎండి అవి అంతరించి ఉంటాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈసారి జూకు వెళ్లినప్పుడు, ఆఫ్రికా నీటిగుర్రం నోరు తెరిచేదాకా ఓపిక పట్టండి. కింది దవడలో ముందుపళ్లు లెక్కపెట్టండి. పక్కన వంకరగా ఉండే పెద్ద కోరలను లెక్కలో వేయకూడదు సుమా! నాలుగే ఉంటాయి.