రేపల్లె నుంచి బాపట్ల ఎంత దూరం?

చిన్న ప్రశ్నే. కానీ జవాబు ఎలా వెళ్తారన్న దాన్ని బట్టి మారిపోతుంది. కాకిది ఒక లెక్క, బస్సుది ఇంకో లెక్క. రైలెక్కితే మరీ విచిత్రం... రెండూళ్ల మధ్య నేరుగా పట్టాల్లేవు. తెనాలి దాకా పైకెళ్లి, బండి మారి, మళ్లీ కిందికి రావాలి. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది కదా, సొంత జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలంటే గుంటూరు జిల్లా మీదుగా వెళ్లాల్సిందే!

రూళ్లకర్రతో కొలిచిందే దూరం కాదన్న ఈ సంగతినే గణాంకశాస్త్రంలో ఎక్కడికో తీసుకెళ్లారు మన కల్యంపూడి రాధాకృష్ణారావు. అదే... సి.ఆర్‌.రావు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన ఆయన, యుద్ధకాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే మహలనోబిస్‌ నడుపుతున్న ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క వ్యాసం ప్రపంచంలోని గణాంక శాస్త్రవేత్తలందరికీ పాఠమైంది.

ఇంతకీ అందులో ఏముంది?

రెండు బస్తాల వరి విత్తనాలున్నాయనుకోండి. ఒకదాంట్లో నూటికి ఒకటి మొలవదు, రెండోదాంట్లో రెండు మొలవవు. ఇంకో రెండు బస్తాల్లో నూటికి యాభై, యాభై ఒకటి మొలవవు. ఏ జత చూసినా తేడా ఒక్క గింజే. కానీ యాభై దగ్గర, వంద గింజలు తీసి నాటిన ప్రతిసారీ లెక్క ఐదారు గింజలు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాటలో ఒక్క గింజ తేడా ఏం కనబడుతుంది? ఒకటి, రెండు దగ్గర ఆ ఊపు చాలా తక్కువ. అక్కడ ఒకటి పెరిగినా పట్టేయొచ్చు. తేడాను ఎంత తేలిగ్గా పసిగట్టగలమో అదే దూరమన్నారు రావుగారు. ఆ కొలతలో మొదటి జత మధ్య ఎడం, రెండో జత కన్నా నాలుగు రెట్ల పైమాటే.

మొలిచినవి, మొలవనివి, మొలిచి చచ్చినవి... ఇలా మూడు రకాలుగా లెక్కపెడితే కథ ఇంకా ముదురుతుంది. సాధ్యమయ్యే బస్తాలన్నీ కలిసి బంతి మీద ఎనిమిదో వంతు ముక్కలా, వంగిన తలం మీద సర్దుకుంటాయి. అక్కడ దగ్గరి దారి కూడా వంకరే! అమెరికా విమానాలు మ్యాపులో ఉత్తరానికి వంగి వెళ్తున్నట్టు కనిపిస్తాయి చూడండి, అలాగన్నమాట.

కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే కొన్ని పద్ధతుల్లోనూ ఇప్పుడు ఈ కొలతే వాడుతున్నారు. ఆ 1945 వ్యాసానికి గుర్తింపుగా అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది... 78 ఏళ్ల తర్వాత, 2023లో. ఆ ఏడాది ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయసులో, రావుగారు అమెరికాలో కన్నుమూశారు.